సిగ్నలు పోతే తప్పు రైతుదా?

కళ్లంలో బస్తాలు ట్రాక్టరుకెత్తి మిల్లుకు బయలుదేరారనుకోండి. బండికి జీపీఎస్ పెట్టె ఉంది. సీతంపేట కొండదారిలో ఒక మలుపు తిరిగేసరికి ఆ పెట్టె నుంచి కబురు ఆగిపోతుంది. బండి నడుస్తూనే ఉంటుంది, కంప్యూటరు తెరమీద మాత్రం కదలదు. మిల్లు దగ్గర 'మీ బండి జాడ కనబడలేదు' అంటే ఏటి చేస్తారు? పగలంతా పడిగాపులు, బండి కిరాయి మీ నెత్తిన.

ఒక సంగతి తెలుసుకోండి. బండి ఎక్కడుందో ఆ పెట్టె ఉపగ్రహాల ద్వారా పసిగడుతుంది. దానికి టవరు అక్కర్లేదు. ఆ కబురు ఆఫీసుకు చేరవేయడానికే టవరు కావాలి. టవరే లేనిచోట ఎవరూ ఏమీ చేయలేరు. కానీ టవరు ఉండి కూడా, ఒక టవరు నుంచి ఇంకో టవరుకు మారేటప్పుడు తెగిపోవడం వేరే జబ్బు.

వలస పోయినవాళ్లున్న ఇంట్లో ఇది బేగి అర్థమవుతుంది. ఉత్తరం సొంతూరి చిరునామాకే వస్తుంది. కొడుకు చెన్నైలో ఉన్నాడని చెప్పి ఉంచితే పోస్టుమాస్టరు పాత చిరునామా కొట్టేసి కొత్తది రాసి పంపుతాడు. ఇంటర్నెట్‌లో కదిలే పరికరాల కోసం 1996లో ఖరారైన మొబైల్ ఐపీ పద్ధతి సరిగ్గా ఇదే. చోటు మారినప్పుడల్లా పరికరమే కబురు చెప్పుకోవాలి. 2008లో వచ్చిన ప్రాక్సీ మొబైల్ ఐపీ ఆ చాకిరీని నెట్‌వర్కుకే అప్పగించింది. ఆ పత్రం రాసినవారిలో గుండవెల్లి, దేవరపల్లి అన్న పేర్లున్నాయి. ఇంటిపేర్లు చూస్తే మనవే!

చిక్కు ఎక్కడంటే, అందరి ఉత్తరాలూ ఒకే పోస్టాఫీసు మీదుగా పోవాలి. పది ఉత్తరాలైతే సరే, పది లక్షలైతే? పక్క ఊరికి పోవలసిన ఉత్తరం కూడా దూరాన ఉన్న ఆ ఆఫీసుకు వెళ్లి తిరిగి రావాలి. ఆ ఆఫీసు మూతపడితే అందరి నోరూ మూతపడినట్టే. 4జీలో కూడా ఫోను ఎన్ని టవర్లు మారినా దాని చిరునామాను ఒక గేట్‌వే పట్టుకుని ఉంటుంది. ఈ బరువును ఒకేచోట పెట్టకుండా వాడేవారి దగ్గరలో పలుచోట్ల పంచాలని ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఇంజినీర్లే 2014లో చెప్పారు. గొట్టా బ్యారేజీ నీళ్లమీదే ఆధారపడిన శివారు రైతుకు ఇది కొత్త పాఠం కాదు. కాలువ రాకపోయినా ఊరి చెరువు ఉంటే ఒక తడి దక్కుతుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసింది. కొబ్బరి, జీడి నేలకూలాయి. కరెంటుతోపాటు ఫోన్లూ పోయాయి. సాయం అడగాల్సిన రోజునే మాట పోయింది.

కేంద్రం 2025 జనవరిలో ఒక మంచి పని మొదలెట్టింది. మారుమూల ప్రాంతాల్లో ప్రభుత్వ నిధితో కట్టిన 4జీ టవర్లను బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, రిలయన్స్ ఖాతాదారులు ఎవరి టవరైనా వాడుకోవచ్చు. అయితే ఇది ఆ టవర్లకే పరిమితం. కంపెనీలు సొంతంగా కట్టుకున్న టవర్లనూ మన ఏజెన్సీ దారుల్లో ఇలాగే పంచుకోవాలని నా అభిప్రాయం. కంపెనీలు ఒప్పుకోవంటారా? అడగకుండా ఏ కంపెనీ ఒప్పుకుంటుంది!

అంతవరకు అధికారులు ఒక్కటి చేయవచ్చు. సిగ్నలు లేనప్పుడు దారి వివరాలు దాచుకుని, అందగానే పంపే పెట్టెలున్నాయి. ధాన్యం బండ్లకు అవే పెట్టించాలి. ఆలస్యంగా వచ్చిన వివరాలనూ లెక్కలోకి తీసుకోవాలి. పెట్టె మూగబోయినంత మాత్రాన లోడు ఆపరాదు.

మీరు కూడా బస్తాలెత్తిన చోట తేదీ, టైము పడేలా ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. లోడు చీటీ జేబులో ఉంచుకోండి. ఈసారి నూర్పులకు ముందే రైతు సేవా కేంద్రానికి వెళ్లి, దారిలో సిగ్నలు పోతే ఏమిటి పద్ధతని కాగితం మీద రాసి అడగండి. నోటిమాటగా చెబితే ఒప్పుకోవద్దు.