ఫ్యూజు చెప్పని సంగతి



ఒకప్పుడు బొబ్బిలిలో చలికాలమంటే పెరటి పొయ్యి మీద కాగు పెట్టి నీళ్లు కాచుకొనేవారము. ఈ దినములలో ఊళ్లోను, చుట్టుపక్కల పల్లెల్లోను చాలా ఇళ్లకు గీజరు వచ్చింది. అది లేనివారి ఇంట హీటరు రాడ్డు ఉన్నది. సౌకర్యము మంచిదే. అయితే దాని వెంట వచ్చే అపాయమును గూర్చి మా ఇంటి అనుభవమే చెప్పుచున్నాము.

గత జనవరిలో వరుసగా మూడు దినములు ఉదయం పూట ప్లాస్టిక్కు కాలిన వాసన వచ్చింది. మా అమ్మాయి రెండుసార్లు చెప్పింది. వీధిలో ఎవరో చెత్త తగులబెట్టుచున్నారని మేము కొట్టిపారేశాము. నాలుగవనాడు గీజరు ప్లగ్గు పట్టుకోగానే చెయ్యి చురుక్కుమన్నది. సాకెట్టు చుట్టూ గోధుమరంగు మరక! వెంటనే మెయిను ఆపి, మా సంఘములో కరెంటు పని చేసే సహోదరుని పిలిపించాము.

మూత విప్పి చూస్తే స్క్రూ వదులైపోయి, తీగ చివర నల్లబడి, దాని పైతొడుగు కరిగి ఉన్నది. "మరి ఫ్యూజు ఎందుకు పోలేదు బాబూ?" అని అడిగాము.

"అయ్యగారూ, ఎక్కువ కరెంటు పోతేనే ఫ్యూజుకు తెలుస్తుంది. ఇక్కడ పోయేది రోజూ పోయే కరెంటే. వేడంతా ఈ వదులు దగ్గరే పుట్టింది" అన్నాడు.

3000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద సుమారు 13 ఆంపియర్లు తీసుకుంటుంది. అతుకు వదులై అక్కడ అర ఓము అడ్డు ఏర్పడితే చాలు, ఆ ఒక్కచోటే సుమారు 80 వాట్ల వేడి పుడుతుంది. వెలుగుతున్న పాతకాలపు బల్బును సాకెట్టులో మూసిపెట్టినట్టే గదా! వేడికి స్క్రూ ఇంకా వదులవుతుంది, వదులైన కొద్దీ వేడి పెరుగుతుంది. షాకు నుండి కాపాడే ఆర్‌సీసీబీ కూడ దీనిని కనిపెట్టలేదు.

కనుక కొన్ని సంగతులు జ్ఞాపకముంచుకోండి. గీజరును 6 ఆంపియర్ల సాకెట్టుకు, కన్వర్షన్ ప్లగ్గుతోనైనా, తగిలించవద్దు. 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి. 1500 వాట్ల రాడ్డు కూడ ఆరున్నర ఆంపియర్లు తీసుకుంటుంది, దానికీ ఇదే మాట. 3000 వాట్ల గీజరుకు బోర్డు నుండి వేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయించండి. ఎర్తు తప్పనిసరి. రాగి తీగకు అల్యూమినియం తీగను మెలిపెట్టి నల్లటేపు చుట్టనివ్వవద్దు.

ఒకసారి కాలిన చోట స్క్రూ బిగించినంత మాత్రాన సరిపోదు. కాలిన తీగను మెరిసే రాగి కనబడేవరకు కోసివేసి, సాకెట్టు, ప్లగ్గు రెండూ కొత్తవి వేయాలి. ఇది పని తెలిసినవారు మెయిను ఆపి చేయవలసినది. ఏటా చలికాలమునకు ముందు ఒకసారి స్క్రూలు బిగింపించుకుంటే మంచిది.

మాకు ఆ సాకెట్టుకు, ప్లగ్గుకు, తీగకు కొద్దిపాటి ఖర్చే అయింది. కాని ఆ బాత్రూము గోడకు అవతల మా అమ్మగారు పడుకునే మంచమున్నది. ఇంకొక వారము ఆలస్యమైతే ఏమయ్యేదో తలంచుటకే భయము.

ఫ్యూజు చెప్పని సంగతి మా అమ్మాయి ముక్కు ముందే చెప్పింది. వినక తప్పు చేసినది మేమే. మీ ఇంట పిల్లలు "ఏదో వాసన వస్తోంది" అంటే, ముందు లేచి వెళ్లి చూడండి.