ఇటలీ పూటకూళ్లయిండ్లలో అతిథి ధర్మము

2025 డిసెంబరు నెలలో ఢిల్లీ ఎఱ్ఱకోటయందు కూడిన యునెస్కో సభ ఇటలీ దేశపు వంటను మానవజాతి వారసత్వ సంపదల పట్టికలో చేర్చినది. మన దీపావళికి అట్టి గౌరవము లభించినదియు ఆ సభయందే. ఇటలీవారు సంతోషించిరి, సంతోషింపదగినదే. అయితే ఢిల్లీలో పట్టాభిషేక మందిన ఆ వంట స్వగృహమున, అనగా రోములో, వెనిసులో, ఫ్లోరెన్సు నగరపు నడిబొడ్డున, ఏ గతి నున్నదని విచారించువారు కొలదిమందియే. దానిని చెఱచుచున్నవారు శత్రువులు కారు. దానిని పొగడుచు లక్షలకొలదిగా వచ్చి బల్లలయొద్ద కూర్చుండు అతిథులే. వారిలో మనవారును ఉన్నారు గనుక మేమీ మాట వ్రాయవలసివచ్చినది.

కొలోసియము చెంతనో, వెనిసులోని సాన్ మార్కో చౌకము చెంతనో వెలసిన భోజనశాల నొకదానిని చూడుడు. ద్వారమున నొకడు నిలిచి బాటసారులను నాలుగు భాషలలో పిలుచుచుండును. పట్టికలో ఒక్కొక్క వంటకమునకు ఒక్కొక్క రంగుబొమ్మ, ప్రక్కన దేశదేశముల జెండాలు. పొయ్యి ఏ వేళకును ఆఱదు. సాయంకాలము నాలుగు గంటలకు పోయినను 'యాత్రికుల భోజనము' సిద్ధము. ఆ పట్టికలో తఱచుగా మొదట కానవచ్చునది 'స్పఘెట్టి బొలొనేసె'. బొలోన్యా నగరమువారి నడుగుడు, అది తమ వంట కాదందురు. మాంసపు రగూను వారు గ్రుడ్లు కలిపిన పిండిని చాపి కోసిన 'తల్యతెల్లె' పట్టీలతో తిందురు. ఉడికిన పట్టీ వెడల్పు 8 మిల్లీమీటర్లుండవలెనని, అది ఆ యూరి అసినెల్లి గోపురపు టెత్తులో 12,270వ వంతని తేల్చి, 1972లో బంగారు నమూనా చేయించి వాణిజ్యమండలియం దుంచిరి. 1982లో రగూ వండు విధమును గూడ అచ్చటనే దాఖలు చేసిరి. దస్తావేజులతో ప్రొద్దుపుచ్చు వృత్తిలోనివారము గనుక ఈ రిజిస్ట్రేషను మాకు కొంత నవ్వు పుట్టించినమాట నిజమే. కాని తన యింటి కూరను తానే రిజిస్టరు చేసికొనవలసివచ్చిన యూరి బెంగను తలచినపుడు ఆ నవ్వు నిలువలేదు.

త్రత్తోరియా యనియు, ఒస్తేరియా యనియు వారు పిలుచునవి మన పాత పూటకూళ్లయిండ్ల వంటివి. ఒస్తేరియా మొదట ద్రాక్షసారా అమ్ము తావు; తిండి యెవరి మూట వారు తెచ్చుకొనెడివారు. బొలోన్యాలో 1465 నుండి నడచుచున్న 'ఒస్తేరియా దెల్ సోలె' యందు నేటికిని అదియే పద్ధతి. రోము పూటకూళ్లయిండ్లలో వారమున కొక క్రమము కలదు: గురువారము 'న్యొక్కి' యను బంగాళాదుంప ఉండలు, శుక్రవారము చేప, శనివారము పశువు పొట్టభాగము. ఆ నగరమున తెస్తాచ్చో పేటలో 1975 వఱకు పెద్ద కబేళా యుండెను. మేలైన మాంసము కలవారి యిండ్లకు పోగా, తోకయు, ప్రేగులును, పొట్టయు కూలివాండ్రకు జీతములో భాగముగా ముట్టెడివి. నాలుగు పాళ్లును అమ్ముడుపోగా మిగిలినది గనుక దానికి 'ఐదవ పాలు' అని పేరు. ఆ మిగులును వండిపెట్టిన పేటలోని ఒస్తేరియాలనుండియే నేడు లోకము మెచ్చు రోము వంటకములు కొన్ని పుట్టినవి. శాకాహారులకు ఈ మాట రుచింపకపోవచ్చును; మేము చెప్పుచున్నది వంటకమును గాక దాని జన్మమును. ఆ కూలివాడు రేపు మఱల వచ్చును, ఎల్లుండియు వచ్చును. ఉప్పెక్కువైనచో నలుగురిలో అడుగును. ఆ యడుగుటకు జంకియే వంట నిలిచినది. రైలు దిగి, బొమ్మ చూపి, తిని, ఫొటో తీసికొని పోవువాడు మఱి రాడు. గడ్డకట్టించి నిలువయుంచిన పదార్థమును వేడిచేసి వాని ముందు పెట్టినను అడుగువా డెవడు? మోసపోతిమని యాత్రికులు ఊరికి వచ్చి మొఱపెట్టుదురు. ఆ మోసమునకు కావలసిన అదను కల్పించినవారు తామేయని గ్రహింపరు.

దేశీయులవలె తినుట యనగా చౌకగా తినుట కాదు. సందులోని రహస్యపు దుకాణమును కనిపెట్టి మిత్రులయొద్ద చెప్పుకొనుటయు కాదు. ఆ యింటి వేళను, వరుసను మన్నించుట. మధ్యాహ్నము పన్నెండున్నర మొదలు రెండున్నర వఱకు, రాత్రి ఏడున్నర దాటిన పిదప. నడుమ పొయ్యి ఆర్పియుండును. మొదట పాస్తాయో, అన్నమో, చారో. పిమ్మట మాంసమో, చేపయో. దానికి తోడు వేఱు పళ్లెరములో కూర. అన్నియు అడుగవలెనను నిర్బంధము లేదు. పాలనురుగు కాపుచ్చీనో ఉదయపు పానీయము. భోజనానంతరము చిన్న గిన్నెడు నల్లకాఫీ. చేపల పాస్తాపై చీజు తురుము వేయుమన్నచో వడ్డించువాని ముఖము చూడవలెను! ఇక బిల్లులో 'కొపెర్తో' యని ఒకటి రెండు యూరోలు కనబడగానే మనవారు కొందఱు కచ్చేరి కెక్కినట్లు వాదింతురు. అది బల్లగుడ్డకు, రొట్టెకు, చోటుకు తీసికొను రుసుము. ధరల పట్టికలో వ్రాసియుండవలసినది. రోము నగరమున్న లాత్సియో ప్రాంతమున 2006 నాటి శాసనము దానిని నిషేధించినది; అచ్చట రొట్టెకు మాత్రము వెల కట్టుదురు. పట్టికలో లేని రుసుమును కాదనుట న్యాయమే. ఉన్నదానిని చదువక తిని పిమ్మట కాదనువాని వాదము ఏ న్యాయస్థానమునందు నిలుచును? పాతపద్ధతి యిండ్లలో ఆ రెండు యూరోలతో పూట యంతయు ఆ బల్ల మీదే. అడిగిననే గాని బిల్లు తేరు. తెచ్చుట లేచిపొమ్మనుటయే యని వారి సంకోచము.

'సొమ్ము మాది, కోరిక మాది, మీకేమి?' యనువారు కలరు. సొమ్ము వారిదే. కాని ఊరు వారిది కాదు. వెనిసు పాతనగరమున 1951లో సుమారు 1,75,000 మంది నివసించిరి. 2022 నాటికి ఆ సంఖ్య 50,000 కంటె దిగజారినది. దీనికి కారణములు పెక్కు. ఇండ్లన్నియు యాత్రికుల బసలుగా మాఱుట అందొకటి. ఇరుగుపొరుగే లేని పేటలో 'బాకరో' యను చిన్న పానశాలవాడు ఎవరికొఱకు తలుపు తెఱవవలెను? తెఱచువాడు బొమ్మల పట్టికతోనే తెఱచును. ఫ్లోరెన్సు పురపాలకులు 2016లో నడిబొడ్డున క్రొత్తగా పెట్టు తిండిదుకాణములలో 70 శాతము సరకు ఆ ప్రాంతముదై యుండవలెనని నిబంధన చేసిరి. మంచిదే. కాని శాసనము సరకును తేగలదు గాని, తిని మంచిచెడ్డలు చెప్పు పొరుగువానిని తేజాలదు.

చదువుకొన్నవారు వేఱొక యాక్షేపణ తెత్తురు. టమాటా అమెరికానుండి వచ్చినదే గదా, 'కార్బొనారా' యను పాస్తా పేరు రెండవ ప్రపంచయుద్ధము తరువాతనే గదా వినవచ్చినది, ఇక ఏ సంప్రదాయమును కాపాడుమందురని. పురాతనమైనది గనుక కాపాడుమని మేమనలేదు. వంట మాఱుచునే యుండును. ఎవరి నోటికొఱకు మాఱుచున్నదన్నదే మా ప్రశ్న. 1930లో మారినెత్తి యను కవి, పాస్తా తినుటచే జాతి మందగించుచున్నదనియు, దానిని మానవలెననియు ప్రకటనపత్రము వెలువరించెను. ప్రజలు ఆ కవిగారి మాటను చెవిని బెట్టక తమ పళ్లెరము తాము తినిరి. ఆయన పత్రము చేయలేని పనిని నేటి రంగుబొమ్మల పట్టిక చప్పుడు లేకుండ చేయుచున్నది.

ఇక మన సంగతి. యూరపుయాత్రకు బృందములను కొనిపోవు సంస్థల ప్రకటనలలో పెద్ద యక్షరములతో కానవచ్చు ఆకర్షణ భారతీయ భోజనము. వృద్ధులకు, ఆచారవంతులకు అది యవసరమే; వారి నేమియు ననము. శాకాహారులు విచారింపవలసినవియు కలవు. పార్మిజానో చీజునకు పాలను విఱుచునది దూడ కడుపునుండి తీసిన ద్రవ్యము. ఆకుకూరలలో కొన్నిట ఉప్పుచేప కలియును. అడిగి తెలిసికొనవలెను. అంతమాత్రమున 'అచ్చట మాకు తినుటకేమియు లేద'నుట నిజము కాదు. పూలియా ప్రాంతమున ఎండబెట్టిన చిక్కుడుపప్పును మెత్తగా నుడికించి చేదాకుకూరతో, ఆలివునూనెతో పెట్టుదురు. పప్పును, ఆకుకూరను ఎఱిగిన తెలుగువానికి దుబాసీ యక్కఱలేదు. జెనోవాలో శనగపిండి, నీరు, నూనె కలిపి పెద్ద పళ్లెరమున పోసి కాల్చిన 'ఫరీనాతా' దొరకును. తస్కనీవారు నిన్నటి రొట్టెను నల్లక్యాబేజీతో, చిక్కుడుగింజలతో మఱల నుడికించి 'రిబొల్లీతా' యందురు. మిరపకారము లేనిదే ముద్ద దిగనివారు కలాబ్రియాకు పోవచ్చును.

కావున యాత్రాసంస్థకు సొమ్ము చెల్లించుటకు ముందే ఒక షరతు వ్రాయించుకొనుడు: రోములో ఒక మధ్యాహ్నము మమ్ము మా యిష్టమునకు విడువవలెను. విడిచిననాడు కొలోసియమునకు వీపు త్రిప్పి తెస్తాచ్చో వంక నడువుడు. పలకమీద చేతివ్రాతతో నాలుగైదు వంటకములు మాత్రము వ్రాసియున్న యిల్లు, ఆ పేట పనివాండ్రు కూర్చుండి తినుచున్న యిల్లు కనబడువఱకు ఆగవలదు. లోనికి పోయి 'బువన్ జోర్నో' యని పలుకరించి, చూపిన చోట కూర్చుండి, నేడేమి వండితిరని యడుగుడు. అది గురువారమైనచో న్యొక్కి యందురు.