ఇల్లు వదలకుండా అందే ఆసరా

దిక్కులేని పిల్లలను ఆదుకోవడానికి క్రైస్తవ సేవాసంస్థలు అనుసరించే పద్ధతులు ప్రధానంగా రెండు. పిల్లవాణ్ని ఇంటినుంచి తీసుకొచ్చి ఆశ్రమంలోనో బోర్డింగులోనో ఉంచి తిండి, బట్ట, చదువు చూడటం ఒకటి. పిల్లవాణ్ని తల్లి దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉండనిచ్చి, అదే పేటలోని క్రైస్తవ సంఘం ద్వారా ఆ కుటుంబానికి ఆసరా అందించడం రెండోది. మొదటి పద్ధతికి చరిత్ర ఎక్కువ. దానికి భవనం ఉంటుంది, గేటు మీద బోర్డు ఉంటుంది, వరసగా నిలబడ్డ పిల్లల ఫొటో ఉంటుంది. రెండోదానికి చూపించడానికి పెద్దగా ఏమీ ఉండదు. అయినా పిల్లల బతుకు నిలబెట్టడంలో రెండోదే మెరుగని చెప్పడానికి ఇవాళ గట్టి ఆధారాలున్నాయి.

ఆశ్రమ పద్ధతి అనగానే తెలుగు క్రైస్తవ ఇళ్లలో మొదట తలుచుకునే పేరు జార్జి ముల్లర్. 1836లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఒక అద్దె ఇంట్లో అనాథ పిల్లలను చేరదీసిన ముల్లర్, తర్వాత యాష్లీ డౌన్ అనే చోట అయిదు పెద్ద భవనాలు కట్టించారు. ఆయన జీవితకాలంలో పదివేలమందికి పైగా పిల్లలు ఆ నీడన పెరిగారు. తెలుగునేలతో ఆయనకు బంధుత్వపు లంకె కూడా ఉంది: అదే 1836లో ముల్లర్ బావమరిది ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట విలియం బౌడెన్, జార్జి బీర్ అనే మిషనరీలు ఓడెక్కి వచ్చి గోదావరి డెల్టాలో స్థిరపడ్డారు. గుంటూరులో లూథరన్లు, ఒంగోలు, నెల్లూరుల్లో బాప్టిస్టులు నడిపిన బోర్డింగులు కూడా ఆ కాలపు ఆలోచన నుంచి పుట్టినవే. ఎన్నో దళిత కుటుంబాల్లో మొదటి టీచరు, మొదటి నర్సు, మొదటి గుమాస్తా బోర్డింగు అన్నం తిని చదువుకున్నవాళ్లే. ఊరి బడిలో గుమ్మం బయటే ఆపేసిన రోజుల్లో ఆ పిల్లలకు చదువంటే బోర్డింగే. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

అయితే బడి ఊళ్లోకే వచ్చాక, మధ్యాహ్న భోజనం అందులోనే దొరుకుతున్నాక, పిల్లవాణ్ని ఇంటినుంచి వేరుచేయడానికి మిగిలిన కారణం చాలాసార్లు పేదరికం ఒక్కటే. ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. తల్లి వలస కూలీ, తండ్రి లేడు, అమ్మమ్మ మంచానపడింది, అందుకని పిల్ల ఆశ్రమంలో ఉంది. ఇంటికి దూరమవడం వల్ల పసిపిల్లలకు జరిగే నష్టం ఎంతటిదో రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో జరిగిన పరిశోధన లెక్కగట్టి చూపింది. అక్కడి శిశుగృహాల్లోని 136 మంది పసివాళ్లను చీటీ తీసినట్టుగా రెండు జట్లు చేసి, ఒక జట్టును పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. కుటుంబంలో పెరిగిన పిల్లల తెలివితేటలు, అనుబంధాలు మెరుగుపడ్డాయి. రెండేళ్లు నిండకముందే ఇల్లు దొరికినవాళ్లకు ఆ మేలు మరీ ఎక్కువగా జరిగింది. ఆశ్రమంలో పెట్టడం చిట్టచివరి దారే కావాలని ఐక్యరాజ్యసమితి 2009లో మార్గదర్శకాలు ఇచ్చింది. మన దేశంలోని 2015 నాటి బాల న్యాయ చట్టమూ అదే మాట చెబుతుంది.

రెండో పద్ధతికి పెద్ద ఉదాహరణ కంపాషన్ ఇంటర్నేషనల్. 1952లో ఎవరెట్ స్వాన్సన్ అనే అమెరికన్ సువార్తికుడు యుద్ధంలో ఉన్న కొరియాకు వెళ్లారు. సియోల్ వీధుల్లో తెల్లవారుజామున పనివాళ్లు గుడ్డమూటల్లాంటివి ఎత్తి లారీలో వేయడం చూశారు. దగ్గరికి వెళితే అవి రాత్రి చలికి చనిపోయిన అనాథ పిల్లల శవాలు. రెండేళ్లకు ఆయన ఒక పద్ధతి మొదలుపెట్టారు. దూరాన ఉన్న ఒక దాత, అక్కడున్న ఒక పిల్లవాడు. నెలనెలా కొంత డబ్బు, అప్పుడప్పుడు ఒక ఉత్తరం. మొదట్లో ఈ సంస్థ డబ్బు కూడా అనాథాశ్రమాలకే వెళ్లేది. పోనుపోను పిల్లల్ని ఇళ్లలోనే ఉంచి స్థానిక సంఘాల ద్వారా పనిచేయడం దాని పద్ధతి అయింది. కొరియా కథకు ఇంకో సగం ఉంది. ఆ దేశం నిలదొక్కుకున్నాక 1993లో సంస్థ అక్కడ సాయం ఆపేసింది. పదేళ్ల తర్వాత, 2003లో, అదే కొరియా ఇతర దేశాల పిల్లలకు డబ్బు పంపే దాతల దేశంగా చేరింది.

స్థానిక సంఘాలు ఇలా పిల్లల కోసం నడిపే కేంద్రాల తీరులో ఆర్భాటం ఉండదు. బడి వదిలాక పిల్లలు మందిరంలోనే చాపల మీద కూర్చుంటారు. హోంవర్కు చేయిస్తారు, స్టీలు పళ్లెంలో వేడివేడిగా ఏదో ఒకటి పెడతారు, సెలవు రోజైతే పాటలు, ఆటలు. ప్రతి పిల్లకూ ఒక ఫైలు ఉంటుంది. అందులో ఎత్తు, బరువు, టీకాల వివరాలు, బడి హాజరు, ఇంటి పరిస్థితి రాసి ఉంటాయి. బరువు వరసగా తగ్గితే పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కొన్ని రోజులు రాకపోతే కేంద్రం టీచరు ఇంటికి వెళ్లి గుమ్మంలో నిలబడి కనుక్కోవాలి. పత్తి ఏరడానికి తీసుకెళ్లారా, పెళ్లి చూపులు పెట్టారా, తండ్రి తాగి కొట్టాడా అన్నది అలా బయటపడుతుంది. ఢిల్లీలోనో, అమెరికాలోనో కూర్చున్నవాళ్లకు ఎన్నటికీ తెలియని సంగతి పక్క వీధిలో ఉండే టీచరుకు మర్నాటికే తెలుస్తుంది. సంఘం ద్వారా చేసే సేవకు ఉన్న అసలు బలం ఇదే. డబ్బు ఎవరైనా పంపగలరు. పిల్ల ఇవాళ ఎందుకు రాలేదని కనుక్కునే మనిషిని ఎవరూ పంపలేరు.

ఇదంతా మంచి మనసుతో చెప్పుకునే మాట మాత్రమే కాదు. బ్రూస్ విడిక్, పాల్ గ్లెవీ, లేన్ రట్లెడ్జ్ అనే అర్థశాస్త్రవేత్తలు ఉగాండా, కెన్యా, గ్వాటెమాలా, బొలీవియా, ఫిలిప్పీన్స్, భారత్ అనే ఆరు దేశాల్లో 10,144 మంది పెద్దవాళ్ల వివరాలు సేకరించి 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒక ఊళ్లో కంపాషన్ పని మొదలైనప్పుడు పన్నెండేళ్లు దాటినవాళ్లను చేర్చుకునేవారు కాదు. అంటే ఒకే ఇంట్లో చెల్లెలికి సాయం అందితే, వయసు మీరిన అన్నకు అందలేదు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే కష్టం కాబట్టి పోలిక నమ్మదగినది. సాయం అందినవాళ్లు సగటున 1.03 నుంచి 1.46 ఏళ్లు ఎక్కువ చదివారు. హైస్కూలు చదువు పూర్తిచేసినవాళ్ల శాతం 44.5 మీద మరో 11.6 నుంచి 16.5 పాయింట్ల దాకా పెరిగింది. పెద్దయ్యాక జీతం దొరికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లూ వీళ్లలోనే ఎక్కువ. చదువు మరీ వెనకబడిన ఆఫ్రికా దేశాల్లో ఫలితం ఇంకా పెద్దది.

తర్వాత మరో పరిశోధనలో జకార్తా మురికివాడల పిల్లలకు రంగు పెన్సిళ్లిచ్చి ఎవరి బొమ్మ వాళ్లను గీసుకోమన్నారు. సాయం అందుతున్న పిల్లల బొమ్మల్లో సంతోషం, తమ మీద తమకు నమ్మకం, ఆశ ఎక్కువగా కనిపించాయని ఆ పరిశోధన తేల్చింది. తనపేరు గుర్తుపెట్టుకుని పలకరించే ఒక పెద్దమనిషి ఇంటిబయట ఉండటం పిల్లకు ఎంత ధైర్యమో సండే స్కూల్ టీచర్లకు ఎప్పటినుంచో తెలుసు. అర్థశాస్త్రం దాన్ని ఆలస్యంగా అందుకుంది.

ఈ పద్ధతికి లోపాలూ ఉన్నాయి, వాటిని దాచిపెట్టడం పిల్లలకు మేలు చేయదు. దాతకు ఒక పిల్లవాడి ఫొటో పంపి డబ్బు సేకరించే ఏర్పాటులో మోసానికి సందు ఉంది. 1998లో షికాగో ట్రిబ్యూన్ పత్రిక విలేకరులు ఇలాంటి సంస్థల ద్వారా కొంతమంది పిల్లలకు దాతలుగా చేరి, ఏళ్ల తర్వాత వెతుక్కుంటూ వెళ్లారు. మాలీ దేశంలో ఒక బాలిక పిడుగుపాటుకు చనిపోయి చాలాకాలమైనా ఆమె పేరున డబ్బు తీసుకుంటూనే ఉన్నారని తేలింది. ఆ పరిశీలనకు గురైన వాటిలో కంపాషన్ లేదు. కానీ లెక్క అడిగే కన్ను లేనిచోట ఏ సంస్థలోనైనా ఇది జరగవచ్చు. సంఘకాపరి, ఖజానాదారు, కేంద్రం నిర్వాహకుడు ముగ్గురూ ఒకే ఇంటివాళ్లయితే ఆ ప్రమాదం మరీ ఎక్కువ. దగ్గరితనం వల్ల నిజం త్వరగా తెలుస్తుంది, అదే దగ్గరితనం వల్ల నిజం సులువుగా కప్పిపుచ్చబడుతుంది కూడా. పిల్లల పట్ల దుష్ప్రవర్తన విషయంలో ఇది ఇంకా తీవ్రమైన మాట. కేంద్రంలో పనిచేసే ప్రతి మనిషి గురించి ముందుగా విచారించడం, ఏ పెద్దా ఏ పిల్లతోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదని నియమం పెట్టడం తప్పనిసరి.

ఇక మతం సంగతి. పళ్లెంలో అన్నం పెట్టి నమ్మకం అడిగితే అది సేవ కాదు. ఈ విషయంలో తెలుగునేల మీదే ఒక పాత ఉదాహరణ ఉంది. 1876–78 నాటి కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంతభాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమంది ఆకలిగొన్నవాళ్లకు పని, కూలి ఇచ్చారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా, కరువు సాయం నడిచినంతకాలం ఎవరికీ ఇవ్వలేదు. ఆశతో వచ్చారా, విశ్వాసంతో వచ్చారా అన్న అనుమానానికి చోటు ఉండకూడదన్నది ఆయన పట్టుదల. సాయం ముగిశాకే, 1878 జూలైలో, గుండ్లకమ్మ ఒడ్డున బాప్తిస్మాలు మొదలయ్యాయి. పిల్లల విషయంలో ఈ నియమం ఇంకా కచ్చితంగా ఉండాలి, ఎందుకంటే పిల్లలు కాదనలేరు. కేంద్రంలో చేర్చుకోవడానికి ఇంటివాళ్ల మతం అడగకూడదు, కొనసాగించడానికి ఆరాధనకు రావాలన్న షరతు పెట్టకూడదు.

భారతదేశంలో కంపాషన్ పని 1968లో మొదలై 2017 మార్చిలో ముగిసింది. అప్పటికి 589 కేంద్రాల్లో దాదాపు 1,45,000 మంది పిల్లలున్నారు. దేశానికి అప్పట్లో వచ్చే విదేశీ విరాళాల్లో ఏటా సుమారు 4.5 కోట్ల డాలర్లు ఈ ఒక్క సంస్థవే. ఆ డబ్బు మతమార్పిడికి ఉపయోగపడుతోందన్న ఆరోపణతో, ముందస్తు అనుమతి లేకుండా దాన్ని ఎవరూ తీసుకోకూడదని కేంద్ర హోం శాఖ 2016లో ఆంక్ష పెట్టింది. సంస్థ ఆ ఆరోపణను కాదన్నది. అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఎదుట ఆ డిసెంబరులో విచారణ కూడా జరిగింది. చివరకు మార్గం దొరకక సంస్థ తలుపులు మూసుకుంది. తప్పెవరిదన్న వాదన ఎలా ఉన్నా, సాయంత్రం కేంద్రానికి రావడం అలవాటైన పిల్లలకు ఒక్కసారిగా అది లేకుండా పోయింది. ఎక్కడో తీసుకున్న ఒక్క నిర్ణయంతో ఆగిపోయే సేవను సంఘం తన సేవ అనుకోవడం ఎంతవరకు సబబో ఆనాడే ఆలోచించాల్సింది.

2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించాక ఆ దారి ఇంకా ఇరుకైంది. విదేశీ డబ్బు అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయడం ఇప్పుడు నిషిద్ధం. పెద్ద సంస్థ తీసుకుని చిన్న సంఘాలకు పంచే పాత పద్ధతికి అక్కడితో తెరపడింది. నిర్వహణ ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. పిల్లల సేవలో పెద్ద ఖర్చు మనుషుల జీతమే కాబట్టి చిన్న సంస్థలకు ఇది భారమే.

విదేశీ డబ్బు లేకుండా సాధ్యమా అంటే మిజోరం సంఘాలు నూరేళ్లకు పైగా సాధ్యమేనని చూపిస్తున్నాయి. 1910 నుంచి అక్కడి స్త్రీలు వంట వండే ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం సంఘానికని పక్కన పెడుతున్నారు. వాటిని పోగుచేసి అమ్మి, సంఘం పనులకు వాడతారు. తెలుగు సంఘాల్లోనూ కోతపండుగ ఉంది. ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు మందిరానికి తెచ్చి వేలం వేస్తారు. కొబ్బరికాయ ఒకటి పదిరెట్ల ధరకు పోతుంది, పాడినవాళ్లకు అదొక సంతోషం. ఆ డబ్బు ఎక్కువగా మందిరానికి రంగులకు, మైకు సెట్టుకు వెళ్తుంది. అందులో ఒక భాగం, సంవత్సరానికి ఇంతని ముందే రాసిపెట్టి, తండ్రిలేని పిల్లల చదువుకు కేటాయించే సంఘాలు పెరగాలి.

ఇంతకన్నా తేలికైన పని ఇంకొకటుంది. దానికి డబ్బు కూడా అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వపు మిషన్ వాత్సల్య పథకం కింద, భర్త పోయిన లేదా వదిలేసిన తల్లుల పిల్లలకు, బంధువుల దగ్గర పెరుగుతున్న అనాథలకు, తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో ఉన్న పిల్లలకు పద్దెనిమిదేళ్ల వరకు నెలకు 4,000 రూపాయల సాయం అందుతుంది. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు మించకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి ఇవ్వాలి, కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ ఆమోదించాలి. చదువురాని అమ్మమ్మకు అడ్డుపడేది కాగితాలే: అల్లుడి మరణ ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, పిల్ల స్టడీ సర్టిఫికెట్, ఆధార్‌లో తప్పుపడిన పేరు, బ్యాంకు ఖాతా. సంఘంలో డిగ్రీ చదివిన యువకులు ఇద్దరు ఆదివారం ఆరాధన తర్వాత మందిరం వరండాలో బల్ల వేసుకుని కూర్చుని ఈ కాగితాలు సరిచేస్తే, తర్వాత ఆమె వెంట మీసేవకో సచివాలయానికో వెళ్తే సరిపోతుంది. ఆ బల్ల దగ్గరికి ఏ మతం వాళ్లయినా రావచ్చు. పిల్లకు ఇంట్లో అపాయం ఉందని తెలిస్తే మాత్రం కాగితాల కోసం ఆగకుండా 1098కి ఫోన్ చేయాలి. సంఘం ఇలాంటి పిల్లల కోసం సొంతంగా హాస్టలు తెరవాలనుకుంటే బాల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ ఉంటాయి.