ఫ్యాను తిరిగితే సరిపోతుందా?

నల్లగొండ, పాలమూరు నుంచి వచ్చి హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగాలు చేస్తున్న మన ఐటీ వాళ్ళకి ఒక అలవాటుంది. ఊళ్ళో అమ్మానాన్నల బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాను పాడైతే ఇక్కణ్ణించే కొత్తది ఆర్డర్ పెట్టేస్తాం. ఎలక్ట్రీషియన్ వచ్చి పాతది పీకి, కొత్తది బిగించి, స్విచ్చి వేసి చూస్తాడు. తిరిగింది. పనైపోయింది!

నన్నడిగితే అసలు పని అప్పుడే మొదలవ్వాలి.

ఇనుప బాడీ ఉన్న ఫ్యానుకి ఎర్తు వైరు తప్పనిసరి. ఆ ఆకుపచ్చ వైరునే చాలాచోట్ల కత్తిరించి వదిలేస్తారు. అది లేకపోయినా ఫ్యాను తిరుగుతుంది మరి! (బాడీ మీద చదరంలో చదరం గుర్తుంటే ఎర్తు అక్కర్లేదు, అది వేరే సంగతి.)

"ఎర్తు కలిపించాం, ఎమ్‌సీబీ కూడా ఉంది, ఇంకేం భయం?" అంటారా? మన నేల సంగతి గుర్తు చేసుకోండి. ఎర్ర చెల్క, మొరం, కింద బండ. ఎండాకాలం వచ్చేసరికి ఎర్తింగు గుంత ఎండిపోతుంది, రెసిస్టెన్సు పెరుగుతుంది. అది 50 ఓములు ఉందనుకోండి. ఫ్యాను బాడీకి ఫేజు తగిలితే 230 వోల్టులకి పారేది 4.6 ఆంపియర్లే. 6 ఆంపియర్ల ఎమ్‌సీబీ దానికి పడదు. బాడీలో కరెంటు అలాగే ఉంటుంది. కింద తడి నేల మీద నాన్న...

ఎమ్‌సీబీ కాపాడేది వైర్లని. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్లో పూర్తిగా తిరిగి రాకపోతే, ఆ తేడా 30 మిల్లీఆంపియర్లు దాటకుండానే సప్లై ఆపేస్తుంది. పై లెక్కలో లీకైంది దానికి 150 రెట్లు! కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లోనే ఇళ్ళకి ఈ 30 అంకె ఉంది. అయినా పాత ఇళ్ళల్లో ఎంతమంది పెట్టించారు?

పెట్టించినా, "ఊరికే పడిపోతోంది" అని తీయించేసేవాళ్ళున్నారు. అది పడుతోందంటే ఎక్కడో లీకుండాలి, లేదా ఇన్వర్టర్ న్యూట్రల్ కలిసిపోయి ఉండాలి. వెతికి బాగుచేయించాలి గానీ కాపలావాణ్ణి పంపించేస్తే ఎలా?

అందుకే ఈసారి ఫ్యానుతో పాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి. మార్చేటప్పుడు స్విచ్చి ఒక్కటే కాదు, మెయిన్ ఆపించండి. పాత వైరింగులో స్విచ్చి న్యూట్రల్ మీద ఉంటే, ఆపినా ఫ్యాను దాకా ఫేజు ఉంటుంది. దసరాకి ఊరెళ్ళినప్పుడు ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కి చూడండి. అయితే ఆ బటన్ చెప్పేది ఆర్‌సీసీబీ బాగుందని మాత్రమే, ఎర్తింగు బాగుందని కాదు. దాన్ని మీటరుతో కొలిపించాల్సిందే, అదీ ఎండాకాలంలో.

ఆఫీసులో టెస్ట్ చెయ్యకుండా ఒక్క లైను కోడు కూడా పంపనివ్వం కదా. ఇంటి దగ్గర మాత్రం "తిరిగింది కదా" అంటే ఒప్పేసుకుంటామా? ఏమంటారు?