చిన్న కోడలి బిడ్డకే ఎందుకు తక్కువ?

ఒకే ఇల్లు, ఒకే పొలం, ఒకే వంటగది. అన్నదమ్ముల పిల్లలంతా ఒకే వాకిట్లో ఆడుకుంటారు. సర్వేకి వచ్చినవారు కుటుంబ స్థితిగతులు అడిగితే ఆ పిల్లలందరికీ ఒకే జవాబు రాసుకోవాలి. అయినా కొలిచి చూస్తే, వయసుతో పోల్చినప్పుడు తమ్ముడి పిల్లలు అన్న పిల్లల కంటే సగటున పొట్టిగా ఉంటున్నారు. గ్రామీణ భారతంలోని ఉమ్మడి కుటుంబాలపై డయాన్ కాఫీ, రీతికా ఖేరా, డీన్ స్పియర్స్ అనే ముగ్గురు పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనం తేల్చిన విషయమిది. ఎత్తు ఒక్కటే కాదు, పుట్టిన నెలలోపే కన్నుమూసే ప్రమాదం కూడా చిన్న కోడళ్ల బిడ్డలకే ఎక్కువట.

కారణం వెతుక్కుంటూ వెళితే అది తల్లుల దగ్గర దొరికింది. తోడికోడళ్ల ఎత్తులో తేడా లేదు. అంటే చిన్న కోడలు తక్కువ తిండి ఉన్న పుట్టింటి నుంచి వచ్చిందనుకోవడానికి ఆధారం లేదు. తేడా ఉన్నది బరువులో. పెద్ద కోడలి కంటే చిన్న కోడలి బరువు తక్కువ. మెట్టినింట్లో ఆమె స్థానం ఏమిటో ఆ బరువు చెబుతోంది. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలింది తినడం, బరువు పనులు ముందుగా చేయడం, నోరు విప్పి అడగలేకపోవడం ఆ స్థానంలో భాగాలని మన పల్లెల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

పసిపిల్లల ఎదుగుదల కుటుంబ ఆర్థిక స్థితిని బట్టి ఉంటుందన్నది పాత మాటే. దానికి లెక్కలూ ఉన్నాయి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేక గిడసబారి ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం, కేరళలో 23.4 శాతం. సంపద ప్రకారం కుటుంబాలను ఐదు వర్గాలుగా విడదీస్తే అట్టడుగు వర్గంలో 46 శాతం మంది పిల్లలు గిడసబారితే, అన్నిటికంటే పైనున్న వర్గంలో అది 23 శాతం. సరిగ్గా సగం. తల్లి చదువు విషయంలోనూ ఇలాంటి తేడాయే కనిపిస్తుంది. బడి ముఖం చూడని తల్లుల పిల్లల్లో 46 శాతం, పన్నెండేళ్లు లేదా అంతకంటే ఎక్కువ చదివిన తల్లుల పిల్లల్లో 26 శాతం.

'మన జాతే పొట్టి, పిల్లలు పొట్టిగా ఉంటే ఆశ్చర్యమేముంది?' అనే వాదన ఒకటి తరచూ వినిపిస్తుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997-2003 మధ్య బ్రెజిల్, ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికాల్లో దాదాపు 8,500 మంది పిల్లలను కొలిచి దీనికి సమాధానం చెప్పింది. భారత్ నుంచి ఎంచుకున్నది దక్షిణ ఢిల్లీలోని కలిగిన కుటుంబాల పిల్లల్ని. తల్లిపాలు, సరైన పోషణ, వైద్యం అందిన చోట ఈ ఆరు దేశాల పసివాళ్లూ ఇంచుమించు ఒకే తీరున ఎదిగారు. ఎత్తులో కనిపించిన మొత్తం వ్యత్యాసంలో దేశాల మధ్య తేడా వాటా 3 శాతమే. 2006లో విడుదలై ఇప్పటికీ అంగన్‌వాడీల్లో పిల్లల బరువు, ఎత్తు అంచనా వేయడానికి వాడుతున్న ప్రమాణాలు ఆ కొలతల్లోంచి వచ్చినవే.

అలాగని డబ్బుంటే చాలనుకోవడానికీ లేదు. పైవర్గంలోనూ ప్రతి నలుగురు పిల్లల్లో దాదాపు ఒకరు గిడసబారి ఉండటాన్ని పేదరికంతో వివరించలేం. 2005-06లో 48 శాతంగా ఉన్న ఈ లోపం 2015-16కి 38.4కి తగ్గింది. ఆ తర్వాతి సర్వేకి తగ్గింది మూడు శాతం లోపే. అదే సమయంలో పిల్లల్లో రక్తహీనత 58.6 నుంచి 67.1 శాతానికి పెరిగింది. అన్నప్రాశనను పండగలా చేసుకునే దేశంలో ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నది కేవలం 11.3 శాతం మందికి. అన్నం ముట్టించడంతోనే సరిపోదు, ఆ తర్వాత రోజుకు మూడు నాలుగు పూటలు పప్పు, గుడ్డు, నెయ్యి, కూరగాయలు కలిపి ఓపిగ్గా తినిపించాలి. దానికి సరుకులతో పాటు తీరిక ఉన్న మనిషీ కావాలి.

బిడ్డ ఎదుగుదలకు గడువు చాలా చిన్నది. తొలి ఏడాదిలోనే శిశువు పొడవు 50 సెంటీమీటర్ల నుంచి 75కి చేరాలి, బరువు మూడు రెట్లు కావాలి. కడుపున పడ్డప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా జరిగిన నష్టాన్ని ఆపైన పూడ్చడం కష్టం. ఆ గడువులో మొదటి తొమ్మిది నెలలూ బిడ్డకు అందేది తల్లి ఒంట్లోంచే. అక్కడే భారత్ బాగా వెనుకబడింది. గర్భం దాల్చే నాటికి ఉండాల్సిన బరువు లేని మహిళలు భారత్‌లో 42.2 శాతమైతే, సహారా దిగువ ఆఫ్రికాలో 16.5 శాతమేనని కాఫీ 2015లో లెక్కగట్టారు. తలసరి ఆదాయంలో మనకంటే వెనుకబడిన దేశాల పిల్లలు మనవాళ్ల కంటే ఎందుకు ఎత్తుగా ఉంటారన్న ప్రశ్నకు జవాబులో ఇది కొంత భాగం.

మరికొంత భాగం కాన్పుల వరసలో ఉంది. సీమా జయచంద్రన్, రోహిణి పాండే 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఆఫ్రికా పిల్లలతో పోలిస్తే భారత్‌లో తొలి చూలు బిడ్డకు ఎత్తులో లోటేమీ లేదు. లోటు రెండో బిడ్డతో మొదలై మూడో బిడ్డకు ఇంకా పెరుగుతుంది. పెద్ద కొడుకు మీద మమకారం, కొడుకు కోసం మళ్లీ మళ్లీ కనడం ఇందుకు కారణాలన్నది వారి నిర్ధారణ. కుటుంబం అదే, ఆస్తీ అదే. ముందు పుట్టారా, వెనక పుట్టారా, ఆడా, మగా అన్నదాన్ని బట్టి పోషణ మారిపోతోంది.

ప్రభుత్వ పథకాలు తడబడేది సరిగ్గా ఇక్కడే. రేషన్ బియ్యం కార్డుకు ఇస్తారు. ఇంట్లో ఎవరు ఎంత తిన్నారన్నది కార్డు చూసుకోదు. గర్భిణులకు, బాలింతలకు కనీసం రూ. 6,000 ఇవ్వాలని 2013 నాటి ఆహార భద్రత చట్టం చెప్పింది. 2017లో మొదలైన ప్రధానమంత్రి మాతృ వందన యోజన తొలి కాన్పుకు రూ. 5,000 ఇస్తోంది. 2022 నుంచి రెండో బిడ్డ ఆడపిల్ల అయితే రూ. 6,000 ఇస్తున్నారు. ఆడశిశువుకు అది మంచిదే. కానీ రెండోసారి గర్భవతి అయిన తల్లికి తిండి కావాల్సింది కాన్పుకు ముందు. పుట్టేది ఎవరో తెలిశాక చేతికొచ్చే డబ్బు ఆ తొమ్మిది నెలలకు అక్కరకు రాదు. మూడో కాన్పుకు అదీ లేదు. లోటు ఎక్కడ పెరుగుతోందో, సాయం అక్కడే తగ్గుతోంది.

తీరిక సంగతీ అంతే. 2017 సవరణతో సంఘటిత రంగ ఉద్యోగినులకు 26 వారాల వేతన సెలవు వచ్చింది. మిరప కోతకో, ఇటుక బట్టీకో వెళ్లే తల్లికి పని మానితే కూలి పోతుంది, పనికెళితే పాలు పోతాయి. ఆరు నెలలూ తల్లిపాలే పట్టమని ఆమెకు సలహా ఇవ్వడం తేలిక. పాటించే వెసులుబాటు కల్పించడమే జరగలేదు.

నేరుగా తల్లికి, బిడ్డకు చేరే తిండి ఏం చేయగలదో తెలుగునేల మీదే రుజువైంది. 1987-90 మధ్య హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో సగం ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అదనపు పోషకాహారం అందించారు. మిగతా ఊళ్లకు అంగన్‌వాడీ పథకం అప్పటికింకా చేరలేదు. ఆ పిల్లలు కౌమారంలోకి వచ్చాక మళ్లీ పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. మధుమేహం, గుండె జబ్బులకు దారితీసే లక్షణాలూ వారిలో తక్కువే కనిపించాయి. రోజుకో పూట తిండికి పదిహేనేళ్ల తర్వాత కూడా ఫలితం మిగిలింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో అమృతహస్తం పేరుతో, తెలంగాణలో 2015లో ఆరోగ్యలక్ష్మి పేరుతో గర్భిణులను అంగన్‌వాడీ కేంద్రంలోనే కూర్చోబెట్టి అన్నం, పప్పు, గుడ్డు, పాలతో భోజనం పెట్టడం ఈ కోణంలోంచి చూస్తే సరైన ఆలోచన. సరుకులు ఇంటికి పంపితే అవి అందరికీ పంచిపెట్టుకునే సరుకులవుతాయి. కేంద్రంలో వడ్డించిన అన్నం మాత్రం ఆమే తింటుంది. అలాంటి భోజనం కాన్పుల లెక్క లేకుండా ప్రతి గర్భిణికీ అందడం, కూలి తల్లులకు పని దగ్గర్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండటం, ప్రసూతి సాయం కాన్పుకు ముందే ఆమె ఖాతాలో పడటం అసాధ్యమైన కోరికలేమీ కావు.

కుటుంబాన్ని ఒక్క ముద్దగా లెక్కగట్టినంత కాలం పిల్లల ఎదుగుదల లెక్క తప్పుతూనే ఉంటుంది. రేషన్ కార్డులో ఇంటిల్లిపాది పేర్లూ ఒకే చోట ఉంటాయి. వడ్డన దగ్గర మాత్రం చిన్న కోడలి వంతు ఇంకా చివరే వస్తోంది.