ఇరుగుపొరుగుకు తెరచిన తలుపు

కెనడా దేశమున, మానిటోబా రాష్ట్రపు రాజధానియగు విన్నిపెగ్ నగరమున, మెన్నొనైటులను క్రైస్తవ శాఖవారు 1998లో ఒక చిత్రశాలను నెలకొల్పిరి. పరభాషా ప్రాంతమున తరతరములుగా కాపురముండి, తాతల నాటి మాటను, మర్యాదను నిలుపుకొనజూచు మనవంటివారు దానినుండి నేర్వదగినది కొంత కలదని మా నమ్మకము.

ఈ శాఖవారి పేరు తెలుగునేలకు కొత్తది కాదు. రష్యానుండి 1889లో బయలుదేరి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు నల్లగొండలో పనిచేసిరి. తరువాత పాలమూరు సీమలో వారి సంఘములు వెలసినవి. జడ్చర్ల ఆసుపత్రిని ఆ ప్రాంతపు వారెల్లరు ఎరుగుదురు.

వారి చరిత్రయే వలసల చరిత్ర. ఆయుధము పట్టుట పాపమని నమ్మిన ఈ జనము 16వ శతాబ్దమున హింసలపాలై, నెదర్లాండ్సునుండి విస్తులా నదీ ముఖమునకు, అటనుండి 1789లో రష్యా సామ్రాజ్యమునకు, నిర్బంధ సైనికసేవ దాపురింపగా 1874లో మానిటోబాకు తరలిరి. అచటను 1916లో ద్విభాషా పాఠశాలలు రద్దయ్యెను. జర్మను బడులను విడువలేక వేలమంది 1922 మొదలు మెక్సికోకు పోయిరి. నిలిచిపోయినవారి బిడ్డలు క్రమముగా ఇంగ్లీషునకే అలవడిరి. ఈ కథ చదువునపుడు మన గుండెలో ములుకు గ్రుచ్చుకొనకుండునా?

అట్టివారు కట్టుకొన్న చిత్రశాలలో తమ గోడు మాత్రమే వినిపించుకొన్నచో తప్పుపట్టు వారుండరు. తమ కథను వారు చెప్పుకొనకపోలేదు. 2021 వరకు దానిని నిర్వహించిన చిత్రకారుడు రే డర్క్స్, సోవియట్ దేశమునుండి తమ కుటుంబములను గట్టెక్కించిన మెన్నొనైటు స్త్రీల చిత్రములు గీసెను. కాని ఆ గోడలపై అన్యమతస్థుల, అన్యదేశీయుల చిత్రములకును చోటు దొరకెను. సూడానునుండి వచ్చిన ముస్లిము చిత్రకారుడు ఇసామ్ అబూద్, భారతదేశమున జన్మించిన మంజు లోధా ఆయనతో కలిసి బడులకు పోయి, పిల్లలతో బొమ్మలు వేయించిరి.

ఈ ఔదార్యమునకు మూలము వారి సంప్రదాయమునందే కలదు. 1569లో డిర్క్ విల్లెమ్స్ అను వాడు చెర తప్పించుకొని పారిపోవుచుండ, వెంటాడిన వాడు మంచు పగిలి నీట పడెను. డిర్క్ వెనుకకు మరలి వానిని గట్టునకు లాగి, తాను పట్టువడి దహింపబడెను. యాన్ లౌకెన్ 1685లో చెక్కిన ఆ దృశ్యము నేటికిని వారికి ప్రాణప్రదము. వారు తలచి గర్వించునది శత్రువునకు చాచిన చేయి.

ఇక మన సంగతి. తాతల ఉత్తరములు, పద్దు పుస్తకములు, తాటాకు ప్రతులు తూకమునకు పోవుచున్నవి. ఇంట తెలుగు పలుకు మనుమలకు ఆ వ్రాత చదువ రాదు. ప్రతి సంఘమును ఒక గదిని, అదియు లేనిచో ఒక బీరువాను, వీనికై కేటాయింపవలెనని మా మనవి. వస్తువుల వివరము తెలుగునను, ఆ రాష్ట్ర భాషయందును వ్రాయవలెను. ఒక గోడ పొరుగువారికి విడువవలెను.

చోటిచ్చిన మనకు తరుగునేమోయని కొందరు శంకింపవచ్చును. చూచువాడు లేని సొత్తు ఎవరికి దక్కును? కన్నడిగుడో, తమిళుడో, ఒడియా సోదరుడో మన గదిలో తన తాత పేరు చూచిననాడు మన బడికై మనతో కలిసి అడుగును. చిత్రశాల బడికి బదులు కాదు. మానిటోబాలో పోయిన బడులను అది తిరిగి తేలేదు. కావున తెలుగు తరగతుల కొరకు మన కోరిక సడలరాదు.

పాఠక మహాశయులు ఈ వారమే తమ అటకమీది పాత పెట్టెను దింపి చూతురుగాక.