స్కూప్ లెక్కలో సామాను రాసినం, మరి మన గంటలు?

ఖురియాత్ గ్యారేజీలో పనిచేసే మేము ఒక మాట సూటిగానే చెప్తున్నం. "తక్కువ బడ్జెట్" అంటే సామాను తక్కువ ధరకు తేవాలె అని. మన గంటలు ఊరికే పోవాలె అని కాదు.

ఈ మధ్య ఒక పాత అమెరికా మజిల్ కారుకి బానెట్ మీద మోటారుతో లేచే స్కూప్ కట్టినం. ఇది కొత్త సంగతేం కాదు. 1970లోనే ప్లిమత్ రోడ్ రన్నర్ కారుకి "ఎయిర్ గ్రాబర్" అని ఉండేది. డ్యాష్‌బోర్డు కింద స్విచ్ వేస్తే ఇంజన్ వాక్యూమ్‌తో మూత లేచేది, పక్కలకు సొరచేప పళ్ల బొమ్మ కనిపించేది. బానెట్ కింద ఉడికిన గాలికి బదులు బయటి గాలి అందితే అది చిక్కగా ఉంటది, ఇంజన్‌కి బలం కొంచెం పెరుగుతది. గంతే కథ.

అసలు కంపెనీ సామాను దొరకడం కష్టం, దొరికినా ధర మండుతది. అందుకని వాదీ కబీర్ పోయి పాత కారు పవర్ విండో మోటారు, దాని స్విచ్ తెచ్చినం. ఆ స్విచ్చే మోటారును రెండు దిక్కులా తిప్పుతది. లోపల వార్మ్ గేర్ ఉంటది కాబట్టి గాలి నెట్టినా మూత కదలదు. రెండు చివర్ల లిమిట్ స్విచ్‌లు పెట్టినం, వాటికి డయోడ్లు కట్టినం. డయోడ్ లేకపోతే మూసుకున్న మూత మళ్ల తెరుచుకోదు. బ్యాటరీ దగ్గర ఫ్యూజ్, ఎయిర్ ఫిల్టర్ చుట్టూ రబ్బరు, నీళ్లు పోయేందుకు రంధ్రాలు. సముద్రం ఉప్పుగాలికి రేకు తుప్పు పడుతది కాబట్టి కోసిన అంచులన్నిటికీ ప్రైమర్. బానెట్ లోపలి రిబ్బులు మాత్రం కోయలేదు. మొత్తం సామాను 28 రియాళ్లు.

ఆ 28 రియాళ్లు చీటీ మీద బైసాతో సహా రాసి ఉన్నయి. మేము ముగ్గురం, నాలుగు రాత్రులు, రాత్రికి మూడు గంటలు. అంటే 36 గంటలు. అవి ఏ చీటీ మీదా లేవు. పని అయినంక మాకు వచ్చినవి మూడు బిర్యానీ పొట్లాలు.

రాత్రే ఎందుకంటే, ఎండాకాలం పగలు బానెట్ ముట్టుకుంటే చెయ్యి కాలుతది. రాత్రి చల్లగుంటదా అంటే అదీ లేదు. 2018 జూన్ 26న మన ఖురియాత్‌లో 24 గంటల్లో ఒక్కసారి కూడా వేడి 42.6 డిగ్రీల కిందికి దిగలేదు. కనిష్ఠ ఉష్ణోగ్రతలో అది ప్రపంచ రికార్డు అన్నరు. అటువంటి ఊర్ల ఇంజన్‌కి మంచి గాలి కావాలని మనం రేకుల షెడ్డు కింద గ్రైండర్ పడుతున్నం.

"సేఠు వీసా ఇచ్చిండు, రూము ఇచ్చిండు, ఆయన దోస్తు పనికి లెక్కలేంది?" అని కొందరు అన్నలు అంటరు. వాళ్ల మాట తీసిపారేయం. మనం ఇష్టపడి చేస్తే అది సాయం. అడగకుండా చేయించుకుంటే అది డ్యూటీ. డ్యూటీకి లెక్క ఉండాలె. 2023లో వచ్చిన ఒమన్ కార్మిక చట్టం ప్రకారం రోజుకి 8 గంటలు, వారానికి 40 గంటలు. ఆపైన చేసిన గంటకి మూల వేతనం మీద పగలైతే కనీసం 25 శాతం, రాత్రయితే కనీసం 50 శాతం కలిపి ఇయ్యాలె. ఇది భిక్షం కాదు, చట్టం.

ఇంకో సంగతి. బండి రూపు మార్చాలంటే రాయల్ ఒమన్ పోలీసుల అనుమతి కావాలె. ఆ కాగితం కళ్లతో చూసినంకనే కట్టర్ పట్టండి. రోడ్డు మీద బండిని ఆపితే "గ్యారేజీ పోరగాళ్లే కోసిన్రు" అనే మాటే ముందు వస్తది.

ఇకమీద మేము చేసేది చెప్తున్నం, మీరూ చేయండి. నోట్‌బుక్‌లో రోజూ తేదీ, పని, గంటలు రాయాలె. అదే రాత్రి సేఠుకి వాట్సాప్‌లో మర్యాదగా పంపాలె: "ఈ రోజు స్కూప్ పని, 7 నుంచి 10 దాకా." ఇందులో కొట్లాట ఏమీ లేదు. రేపు కార్మిక శాఖ దగ్గర కూర్చోవలసి వస్తే మన అరబీ రాకపోయినా ఆ మెసేజే మాట్లాడుతది.

ఎస్టిమేట్ రాసేటప్పుడు మోటారు, స్విచ్, రబ్బరు, పెయింటు కింద ఇంకో వరుస కలపండి: మనుషులు ఎందరు, గంటలు ఎన్ని. పని మొదలుపెట్టక ముందే రాయండి.